కేసు నంబరు పదిహేడు

ఒంగోలులో కౌన్సెలర్లను తయారుచేసే ఒక కాలేజీలో కోదండపాణి అనే ఆచార్యుడు ఉండేవాడు. ఎదుటివాళ్ల బాధ ఎలా వినాలో ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్న ఆయనకు తన గొంతు తప్ప మరొకరి గొంతు వినే అలవాటు లేదు.

ఆయన చెప్పే పాఠాల్లో మొదటిది గోప్యత. "మన దగ్గరికి వచ్చినవాళ్ల మాట మన దగ్గరే ఆగిపోవాలి" అనేవాడు. క్లయింట్ల పేర్లు తన చెవిన కూడా పడకూడదని కట్టడి చేశాడు. విద్యార్థులు ఎవరి గురించి చెప్పినా నంబరుతోనే చెప్పాలి. ఎవరైనా పొరపాటున పేరు పలికితే ఆచార్యుడు రెండు చెవులూ మూసుకునేవాడు. అది చూసి కొత్తగా చేరిన పిల్లలు ఎంత గొప్ప మనిషో అనుకునేవాళ్లు.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉండేది. రెండో సంవత్సరం చదివే ప్రతి ఒక్కరూ కాలేజీ వెనక గదిలో ఒక మనిషికి ఉచితంగా కౌన్సెలింగ్ చెయ్యాలి. వచ్చినవాళ్ల అనుమతి తీసుకుని ఆ సంభాషణ రికార్డు చెయ్యాలి. ఆచార్యుడు దాన్ని విని, విద్యార్థులు ఎక్కడ తప్పు చేశారో చెప్పి, నలభైకి ఇన్ని అని మార్కులు వేసేవాడు. తర్వాత రికార్డింగు చెరిపెయ్యాలి. పద్ధతి మంచిదే. పద్ధతిని పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే ప్రశ్న.

సుజన అక్కడ రెండో సంవత్సరం చదివేది. టంగుటూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. తెలివైన పిల్ల. కానీ పెద్దవాళ్లు గొంతు పెంచితే ఆమె గొంతు ఆగిపోయేది. ఇంట్లో దాన్ని అణకువ అనేవాళ్లు. కాలేజీలో క్రమశిక్షణ అనేవాళ్లు.

సుజనకు వచ్చిన కేసు నంబరు పదిహేడు. ఆ నంబరు వెనక ఉన్న మనిషి పేరు కోటేశ్వరి. ఒంగోలు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో చెప్పేది ఆవిడే. కాలేజీ పిల్లలు బస్టాండు గోడకు అంటించిన కాగితం చూసి వచ్చింది. 'ఉచిత కౌన్సెలింగ్. మీ మాట బయటికి పోదు' అని దాని మీద రాసి ఉంది. మొదటిరోజు వచ్చినప్పుడు ఆవిడ కుడిచేతి రెండు వేళ్లకు కట్టు ఉంది. మొగుడు తలుపు సందులో పెట్టి నొక్కాడు.

"ఇది రికార్డు చేస్తాను అక్కా. నేను సరిగ్గా చేస్తున్నానో లేదో చూడటానికి మా సార్ ఒక్కరే వింటారు. తర్వాత చెరిపేస్తాం" అంది సుజన.

"ఒక్కరేనా?"

"ఒక్కరే."

"అయితే చేసుకోండి మేడం" అని కోటేశ్వరి ఎడంచేత్తో సంతకం పెట్టింది.

ఆరు వారాల పాటు వచ్చింది. మొదట్లో వేళ్ల గురించి మాట్లాడింది. తర్వాత తన గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆరో వారం అసలు సంగతి చెప్పింది. ఈ నెలాఖరుకి కూతుర్ని తీసుకుని నెల్లూరు వెళ్లిపోతుంది. ఇదే పని అక్కడ ఇస్తామన్నారు. మొగుడికి తెలియకుండా వెళ్లాలి. తెలిస్తే ముందు కూతుర్ని దాచేస్తాడు. పిల్లను వదిలి తాను కదలలేనని అతనికి తెలుసు. ఆ మాట చెప్పి కోటేశ్వరి ఏడ్చింది. సుజన ఏమీ అనకుండా పక్కన కూర్చుంది.

రికార్డింగు విన్న ఆచార్యుడు సుజనను గదికి పిలిచాడు.

"ఆమె ఏడ్చినప్పుడు నువ్వు పదకొండు సెకన్లు మౌనంగా ఉన్నావమ్మాయ్. లెక్కపెట్టాను. అద్భుతం. ఆ మౌనం నేను నేర్పిందే."

"అవును సార్."

"శుక్రవారం కుటుంబ సామరస్యం మీద వర్క్‌షాప్ ఉంది. మండలాల నుంచి అంగన్‌వాడీ వాళ్లూ, నర్సులూ, హాస్టల్ వార్డెన్లూ వస్తున్నారు. అక్కడ ఇది వినిపిద్దాం."

"సార్, మీరు ఒక్కరే వింటారని ఆవిడకి చెప్పాను."

"పేరు దగ్గర బీప్ వేయిద్దాం. ఇంకేం కావాలి?"

"గొంతు గుర్తుపడతారు సార్."

"గొంతుకేమన్నా ఆధార్ కార్డు ఉందా?" అని ఆచార్యుడు నవ్వాడు.

"అది కాదు సార్. ఆవిడ పనిచేసేది..."

ఆచార్యుడు గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు. "ఆగు ఆగు. క్లయింటు ఏం పని చేస్తుందో నాకెందుకు? రెండేళ్లుగా నేర్చుకున్నది ఇదేనా? గోప్యత అమ్మాయ్, గోప్యత."

ఆయన ఇరవై ఏళ్లుగా కారు దిగి ఎరగడు. బస్టాండులో ఎవరి గొంతు వినపడుతుందో ఆయనకు తెలియదు. తెలిసిన పిల్ల చెప్పబోతే చెవులు మూసుకున్నాడు. చేతులు తీశాక, "వచ్చే సోమవారం మీ నలభై మార్కులు వేస్తున్నాను. నీ మీద నాకు మంచి అభిప్రాయం ఉంది, పాడు చేసుకోకు" అన్నాడు.

సుజన గది బయటికి వచ్చేసింది. ఆచార్యుడికి చెప్పలేకపోతే పోయె, కోటేశ్వరికైనా చెప్పవచ్చు. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. ఆ రెండు రోజులూ బస్టాండులో దిగి, మైకులో కోటేశ్వరి గొంతు వింటూ, తలదించుకుని కాలేజీకి నడిచింది. ఎవరూ గుర్తుపట్టరులే అని తనకు తానే చెప్పుకుంది. భయం ఉన్నవాళ్లకు ఇలాంటి ఓదార్పులు చాలా సులువుగా దొరుకుతాయి.

శుక్రవారం హాలు నిండింది. డెబ్బైమంది ఆడవాళ్లు. దర్శి, పొదిలి, కనిగిరి, అద్దంకి నుంచి వచ్చారు. అందరూ ఆ ఉదయమే బస్సు దిగి వచ్చినవాళ్లు. ఆచార్యుడు సుజనను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, "నేను చెయ్యి ఎత్తగానే బటన్ నొక్కు" అన్నాడు.

చెయ్యి ఎత్తాడు. సుజన నొక్కింది.

"నెలాఖరుకి నెల్లూరులో గది మాట్లాడుకున్నా మేడం. పాప బడి కాగితాలు చేతికి రాంగానే బయల్దేరతా. ఆయనకి తెలిస్తే..."

మూడో వరసలో ఒక నర్సు పక్కనామెను మోచేత్తో పొడిచింది. "ఏమే, మన బస్టాండామె గదూ?"

"ఆవిడే. కోటేశ్వరి. రోజూ వినే గొంతేగా."

"పొదిలి మీదుగా కనిగిరి వెళ్లు బస్సు..." అని వెనక వరసలో ఎవరో గొంతు మార్చి అన్నారు. ఐదారుగురు నవ్వారు. నవ్వినవాళ్లలో ఇద్దరు వెంటనే నవ్వు ఆపేసి ముఖాలు చూసుకున్నారు. రికార్డింగులో కోటేశ్వరి అప్పుడు తలుపు సందులో వేళ్ల సంగతి చెబుతోంది. సుజన బటన్ మీద వేలు పెట్టింది. ఆపెయ్యడానికి ఆ వేలు కాస్త కదిపితే చాలు. ఆచార్యుడు ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె వేలు తీసేసింది.

"ఇప్పుడు వచ్చే మౌనం గమనించండి" అన్నాడు ఆచార్యుడు. "ఈ కుటుంబంలో ఉన్నది సంభాషణ లోపం. భార్యాభర్తలు ఒకరినొకరు వినడం లేదు."

రెండో వరసలో ఒక అంగన్‌వాడీ టీచరు మాత్రం నవ్వలేదు. ఆమె కోటేశ్వరి ఆడబిడ్డ. చేతి సంచి భుజానికి తగిలించుకుని, ఫోను చెవికి పెట్టుకుని, ఆ మౌనం పూర్తయ్యేలోపే హాలు దాటింది. "అన్నా, మీ ఆవిడ నెల్లూరు పోతోందంట" అనడం గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్లకు వినపడింది. ఆ మాట నోటినోటా సుజన దాకా వచ్చింది.

అప్పుడు లేచింది సుజన. ఆటో ఎక్కి బస్టాండుకు పరుగెత్తింది.

మైకు గదిలో కోటేశ్వరి టీ తాగుతోంది. "ఏంది మేడం, ఇట్టా వచ్చారు?" అంది ఆశ్చర్యంగా.

సుజన జరిగింది చెప్పింది. కోటేశ్వరి గ్లాసు కింద పెట్టి, కూతురు చదివే బడికి ఫోను చేసింది.

"వాళ్ల నాన్న వచ్చి తీసుకుపోయాడమ్మా, ఇప్పుడే" అన్నారు అవతలి వాళ్లు. "వాళ్ల నాయనమ్మకి బాగోలేదంటగా?"

కోటేశ్వరి ఫోను బల్ల మీద పెట్టింది.

"పోలీసుల దగ్గరికి పోదాం అక్కా."

"ఏమని చెప్తారు? తండ్రి కూతుర్ని ఇంటికి తీసుకుపోయాడనా?" అంది కోటేశ్వరి. తర్వాత అడిగింది, "ఒక్కరే వింటారన్నారు గదా?"

"అన్నాను."

"ఆయన వినిపిస్తానన్నది ఎప్పుడు?"

"బుధవారం."

"మీరు రోజూ ఈ గది ముందు నించే నడుస్తారు గదా మేడం."

సుజన ఏడ్చింది. "నా మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి అక్కా. భయపడ్డాను."

"నోరు మూసుకోవడం నేర్చుకోడానికి నాకు పదకొండేళ్ల కాపురం పట్టింది" అంది కోటేశ్వరి. "మీకు రెండేళ్ల చదువు సరిపోయింది."

కిటికీ అవతల డ్రైవరు చెయ్యి ఊపాడు. కోటేశ్వరి మైకు దగ్గరకు లాక్కుని, దర్శి బస్సు బయలుదేరుతోందని చెప్పింది. గొంతు కొంచెం కూడా వణకలేదు. తర్వాత మైకు కట్టేసి, సంచి తీసుకుని, కూతురు ఉన్న ఇంటికి, అంటే మొగుడి ఇంటికి, వెళ్లిపోయింది.

సుజన కాలేజీకి ఫిర్యాదు రాసింది. కాలేజీలో ఇలాంటివి విచారించడానికి ఒక నైతిక సంఘం ఉంది. దాని అధ్యక్షుడు కోదండపాణే. విచారణ నిష్పక్షపాతంగా జరగాలని ఆయన ఆ రోజు అధ్యక్షుడి కుర్చీలోంచి లేచి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

సంఘం మూడు రోజులు ఆలోచించి తీర్పు చెప్పింది. రికార్డింగులో పేరు వినపడలేదు, కాబట్టి ఆచార్యుడి వల్ల గోప్యతకు భంగం కలగలేదు. సుజన మాత్రం క్లయింటును కౌన్సెలింగ్ గది బయట కలిసింది. క్లయింటును అక్కా అని పిలిచింది. పైగా ఫిర్యాదులో క్లయింటు పేరూ, ఉద్యోగమూ రాసి సంఘానికి తెలియజేసింది. అందువల్ల గోప్యతకు భంగం కలిగించింది సుజనే.

"చిన్నపిల్లవు" అన్నాడు ఆచార్యుడు దయగా. "ఫిర్యాదు వెనక్కి తీసుకుని, పొరపాటైందని ఇక్కడ సంతకం పెట్టు. నలభైకి ముప్ఫై ఆరు వేస్తాను. లేకపోతే ఇంకో ఏడాది కూర్చోవాలి."

సుజన కాగితం చదివింది. "నా పొరపాటు ఇందులో లేదు సార్" అంది.

"మరి ఏమిటి నీ పొరపాటు?"

"మీరు చెవులు మూసుకున్నప్పుడు నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది."

ఆమె సంతకం పెట్టలేదు. ఏడాది పోయింది. ఆ ధైర్యం నిజమైనదే. కానీ మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. ఆ మూడు వారాల్లో కోటేశ్వరి పని మానేసింది. మానేసిందని మొగుడు చెప్పాడు. నెలాఖరు వచ్చింది, వెళ్లిపోయింది. సుజన ఆ ఇంటికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ ఆడబిడ్డే గుమ్మంలోకి వచ్చి, "మా వదిన బాగానే ఉంది, ఎవరితోనూ మాట్లాడదంట" అని తలుపు వేసింది.

ఆచార్యుడు ఈ ఏడాది కూడా గోప్యత పాఠంతోనే తరగతి మొదలుపెట్టాడు.

నీతి: నమ్మి మాట చెప్పుకున్న మనిషికంటే మార్కులు వేసే మనిషికి ఎక్కువ భయపడేవాళ్లు ఎవరి బాధా వినడానికి తగరు, ఆ భయాన్నే చదువుగా నేర్పేవాడు గురువు అనిపించుకోవడానికి తగడు.