తాతని దించేసిన పండుగాడు

తునిలో లోవరాజు ఇంట్లో నలుగురు ఉంటారు. లోవరాజు, భార్య వరహాలు, తండ్రి గవరయ్య, పదినెలల కొడుకు పండు. పెద్దవాళ్ళు ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకపోయినా వాళ్ళకి తెలుసు. పండు విషయం ఇంకా తేలలేదు.

"మన గొప్పంతా ఒక్కటేరా. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మిగతావాళ్ళు సొంత తెలివి కలిపి పాడుచేసుకుంటారు," అనేవాడు గవరయ్య.

పండుకి దగ్గు పట్టుకుంది. డాక్టరు చూసి, "మందులొద్దు, కాస్త గాలి మారిస్తే చాలు," అన్నాడు. ఇంకేముంది, లోవరాజు ఇంట్లో ఫ్యాను మార్చాడు. తగ్గలేదు. తలుపులన్నీ తెరిచి, దుప్పటితో విసిరి విసిరి పాత గాలిని వీధిలోకి తోలేశాడు. ఊహూఁ. మళ్ళీ వెళ్తే డాక్టరు తల పట్టుకుని, "సముద్రపు గాలయ్యా బాబూ!" అన్నాడు. అంతే, విశాఖపట్నంలో ఎక్కించుకుని మూడు రోజులు సముద్రం మీద తిప్పే పెద్ద ఓడకి టిక్కెట్లు తీశాడు.

ఓడ ఎక్కుతుంటే అక్కడ పనిచేసే తెల్లకోటు అమ్మాయి పండు బుగ్గ నిమిరింది. "ఇక్కడ మెట్లెక్కువ సార్. బాబు మీద ఒక కన్నేసి ఉంచండి," అంది.

లోవరాజు ఆగాడు. "ఒక్కటేనా అండి?"

"ఒక్కటి చాలు సార్."

గదిలోకి వెళ్ళి ముగ్గురూ ఆలోచనలో పడ్డారు. "ఏ కన్నో చెప్పలేదేంటండీ?" అంది వరహాలు. "పొద్దున్న కుడిది, మధ్యాహ్నం నుంచి ఎడమది. దేనికీ అన్యాయం ఉండదు," అని గవరయ్య తేల్చేశాడు. అంతే, లోవరాజు రుమాలుతో ఎడమకన్ను గట్టిగా కట్టేసుకున్నాడు. ఒంటికంటికి మెట్టు ఆనక మూడుసార్లు గాల్లో అడుగేశాడు. భోజనాల హాల్లో జనం అతన్ని చూసి, కళ్ళకలక కాబోలనుకుని కంచాలతో సహా లేచిపోయారు. పన్నెండుమంది కూర్చునే బల్ల మొత్తం వీళ్ళకే మిగిలింది.

"మర్యాద తెలిసిన మనుషులండీ," అంది వరహాలు.

వడ్డించేవాడు వచ్చాడు. "బాబుకి ఏం పెట్టమంటారు?"

"పేరైతే పెట్టేశామండి. పండు."

అతను వెళ్ళి బొప్పాయి ముక్కలు తెచ్చాడు. "పండు అన్నారుగా."

"మాకొకడున్నాడు బాబూ. ఇంకొకణ్ణి పెంచలేం," అని వరహాలు పళ్ళెం వెనక్కి తోసేసింది.

పక్క బల్ల దగ్గర కాకినాడావిడ ఒకరు మాత్రం కదలకుండా కూర్చున్నారు. ఆవిడకి పిల్లలంటే ముద్దు. పండుని తేరిపార చూసి, "పొద్దున్న లైన్లో మీ మావగారిని చూశానమ్మా. వీడు అచ్చం వాళ్ళ తాతని దించేశాడు!" అన్నారు.

లోవరాజు చేతిలో ముద్ద జారిపోయింది. పక్కకి చూస్తే గవరయ్య కుర్చీ ఖాళీ. చేతులు కడుక్కోడానికి వెళ్ళాడనుకున్నారు ఇంతసేపూ.

"ఎక్కడ దించాడండీ?" అన్నాడు.

"ముక్కు దగ్గర బాగా తెలుస్తోంది."

లోవరాజు కొడుకుని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. "ఒరే పండూ! సముద్రం మధ్యలో ఎందుకు దించావురా?"

"తా... తా," అన్నాడు పండు.

"ఒప్పేసుకున్నాడండీ!" అని వరహాలు గొల్లుమంది.

ఇంకేముంది, పిల్లాణ్ణి చంకనేసుకుని లోవరాజు ఓడ ముక్కు వైపు పరుగెత్తాడు. తల్లి పోయాక తనని పెంచి పెద్దచేసిన తండ్రి. ఈతైనా రాదు. కట్టు లేని కంటినుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కాపలావాడు అడ్డం వచ్చాడు.

"మా నాన్నని సముద్రంలో దించేశాడు బాబూ!"

"ఎవరు?"

"మా అబ్బాయి."

"పట్టుకున్నారా?"

"ఇదుగో, చంకలోనే ఉన్నాడు."

కాపలావాడికి 'సముద్రం' అన్న ఒక్క మాటే అర్థమైంది. సైరన్ మోగింది. ఓడ ఆగింది. వెతకడానికి ఓడ పక్కన వేలాడే చిన్న పడవని తాళ్ళతో కిందికి వదిలారు. అది సగం దిగాక అందులోంచి గవరయ్య తల బయటికొచ్చింది.

పొద్దున్న అందరికీ ఆపద పడవలు చూపించినప్పుడు, "తాతగారూ, మీ చోటు ఇదే," అన్నారట. అంతే, అప్పుడప్పుడు గదికి వచ్చి పోతున్నా, తన చోటు ఇంకెవరైనా ఆక్రమిస్తారేమోనని ఆయన మళ్ళీ వెళ్ళి అందులోనే కూర్చున్నాడు.

"చూశారా, నిజంగానే దించేస్తున్నారు!" అని లోవరాజు కేకలు పెట్టాడు. పైకి లాగాక తండ్రిని కావలించుకుని వదల్లేదు. "మనవడి మీద కోపం పెట్టుకోకు నాన్నా. పసివాడు," అన్నాడు. "పెద్దయ్యాక తెలుసుకుంటాడులే," అన్నాడు గవరయ్య.

కెప్టెనుగారిది మచిలీపట్నం. ముగ్గుర్నీ పిలిచి చేతులు జోడించి, "ఓడ తీరం చేరేదాకా గదిలోంచి కాలు బయట పెట్టకండి," అన్నాడు. అంతే, ముగ్గురూ గుమ్మంలో బోర్లా పడుకుని, కాళ్ళు లోపల ఉంచి, నడుము దాకా నడవాలోకి వచ్చి కబుర్లు చెప్పుకున్నారు. సాంబారు గిన్నెతో వచ్చినవాడు గవరయ్యని తట్టుకుని పడ్డాడు. పండు మాత్రం వాళ్ళ వీపుల మీద పాకుతూ కిలకిలా నవ్వాడు. దగ్గు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

మూడోరోజు పొద్దున్న ఓడ విశాఖ చేరింది. కెప్టెనుగారికి ప్రాణం లేచొచ్చింది. స్వయంగా గదికి వచ్చి పండుని ముద్దాడి, "అందరికీ టాటా చెప్పించి దిగండి," అన్నాడు.

"అందరికీనా అండి?"

"అందరికీ!"

ఇంకేముంది, వంటగది నుంచి మొదలుపెట్టారు. లోవరాజు ఎత్తుకుంటే గవరయ్య పిల్లాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒకవైపు పాతవాళ్ళు దిగుతున్నారు, ఇంకోవైపు కొత్తవాళ్ళు ఎక్కుతున్నారు.

"ఎంతమందికి చెప్పినా తరగరేంటండీ?" అంది వరహాలు.

"మనల్ని వదల్లేకపోతున్నారే పాపం," అన్నాడు లోవరాజు.

సాయంత్రం నాలుగింటికి చెమటలు తుడుచుకుంటూ కెప్టెనుగారి గదికి చేరారు. "అందరికీ అయిపోయిందండి. మీరొక్కరే మిగిలారు," అన్నాడు లోవరాజు. పండు తనంతట తనే చెయ్యి ఊపాడు.

కెప్టెనుగారు అద్దంలోంచి బయటికి చూశాడు. చుట్టూ నీళ్ళే. విశాఖ కొండ గోరంత కనబడుతోంది.

లోవరాజు సంచీ భుజాన వేసుకున్నాడు. "మరి సెలవండి. దిగే మెట్లు ఎటు?"