సగం తాగి పెట్టేసిన షర్బత్

ఇలియాస్ దగ్గర పద్నాలుగు వేలున్నాయి. రెండు వేసవులు సోడా కొట్లో పనిచేసి కూడబెట్టినవి. ఆ డబ్బు కడితే డిగ్రీ కాలేజీలో సీటు ఖాయమవుతుంది. అదే డబ్బు పెడితే సుగంధి వేళ్ల పాకంతో చేసే నన్నారి షర్బత్ బండి ఒకటి రోడ్డెక్కుతుంది. రెండింటికీ చాలదు. ఫీజు కట్టడానికి శుక్రవారం ఆఖరు.

బుధవారం సాయంత్రం అతను తన గురువు అమీన్ షా దగ్గరికి వెళ్లాడు. కడపలో ఒక సందు చివరున్న చిన్న దర్గాను ఆయనే చూసుకుంటాడు. అందరూ ఆయన్ని హజ్రత్ అంటారు. ఇలియాస్‌కు ఐదేళ్లప్పుడు చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే.

"లెక్క చూశాను హజ్రత్," అన్నాడు ఇలియాస్ కూర్చుంటూనే. "గ్లాసుకు ఖర్చు తొమ్మిది. అమ్మేది ఇరవై. రోజుకు ఎనభై గ్లాసులు పోయినా చాలు, ఇంటి ఖర్చు పోను రెండు నెలల్లో రెండో బండి. డిగ్రీ అయితే మూడేళ్లు. ఆ తర్వాత ఉద్యోగం వస్తే వస్తుంది, లేకపోతే లేదు."

"లెక్క బాగానే ఉందే. మరి నన్నేం అడగాలని వచ్చావు?"

"బండి పెట్టమని మీరు ఒక్క మాట అనండి. మీరు చెప్పారంటే అమ్మీ కాదనదు."

హజ్రత్ గడ్డం నిమురుకున్నాడు. "బాగుంది బేటా. లాభమొస్తే నీ తెలివి. నష్టమొస్తే హజ్రత్ చెప్పాడు."

ఇలియాస్‌ చెవులు వేడెక్కాయి.

"రేపు గురువారం. జనం బాగా వస్తారు. ఒక్కరోజుకు సరిపడా షర్బత్ సరుకు పట్టుకురా. అమ్మేది నేను. నువ్వు గోడవారన కూర్చుని చూడు. నోరు మాత్రం మెదపకూడదు, సరేనా?"

గురువారం దర్గాలో ఫాతిహా ప్రార్థన చదివించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తారు. హజ్రత్ గుమ్మం పక్కన బల్ల వేసుకుని నన్నారి పాకం, నిమ్మకాయలు, ఉప్పు, సబ్జా గింజలు, ఐసు ముందు పెట్టుకున్నాడు. మొదట వచ్చినాయన్ని కుశలమడిగేసరికే ఐసు సగం కరిగింది. నలుగురు పిల్లలకు ఊరికే పోశాడు. ఒకాయన వంద నోటిస్తే, "చిల్లర లేదప్పా, మళ్లీ వచ్చినప్పుడిద్దువులే" అని పంపేశాడు.

గోడవారన ఇలియాస్ పెదవి కొరుక్కుంటూ మనసులో తీసివేతలు వేస్తున్నాడు. పోనీలే, ఒక్కరోజు నష్టమే కదా అనుకున్నాడు.

అంతలో మైదుకూరు నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. హజ్రత్ పాకం ధారాళంగా పోసి, నిమ్మకాయ పిండడం మరిచి గ్లాసు అందించాడు. ఆమె రెండు గుక్కలు తాగి, మొహం అదోలా పెట్టి, గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఇరవై రూపాయలూ ఇచ్చి వెళ్లిపోయింది.

డబ్బు వచ్చింది. లెక్క ప్రకారం ఏ లోటూ లేదు. ఇలియాస్ మాత్రం చివ్వున లేచాడు.

"అక్కా! ఓ అక్కా, ఆగు!"

"డబ్బులిచ్చినా కదబ్బా!"

"డబ్బుల కోసం కాదక్కా. ఎందుకు పెట్టేశావు?"

"ఏముంది, వట్టి తీపి. పొద్దున్నించీ బస్సుల్లో తిరిగి కడుపులో తిప్పతాంది నాకు. రోంత పులుపుంటే తాగుదును."

ఇలియాస్ ఆమెను వెనక్కి తీసుకొచ్చాడు. "కొంచెం జరగండి హజ్రత్," అన్నాడు. పాకం తగ్గించి, నిమ్మకాయ మొత్తం పిండి, చిటికెడు ఉప్పేసి కలిపిచ్చాడు. ఆమె ఎత్తిన గ్లాసు దించకుండా అడుగంటా తాగేసింది.

"ఇప్పుడు బాగుంది. మా పాపకూ ఒకటియ్యి. దానికింత పులుపొద్దు."

"నీకెట్లా కావాలమ్మా?" ఇలియాస్ వంగి పాపను అడిగాడు.

"సబ్జా గింజలు శానా ఎయ్యి. నమలాల."

ఇలియాస్ నవ్వాడు. అతని లెక్కలో ఉన్నది ఒకే రకం గ్లాసు. తర్వాత వచ్చిన ముసలాయన్ని అడిగాడు, ఆయనకు ఐసు వద్దట. ఆ తర్వాత ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఒక్కొక్కరినీ అడుగుతుంటే ఇంకొకరిని అడగాలనిపించింది. ఎన్ని గ్లాసులు పోయాయో చూసుకోలేదు.

ఐసు అయిపోయాకే తలెత్తాడు. హజ్రత్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"నోరు మెదపొద్దన్నానా?"

"అన్నారు."

"మరి?"

ఇలియాస్ తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"సరే. ఇంతకీ మీ అమ్మకు నన్నేం చెప్పమంటావు?"

ఇలియాస్ ఖాళీ గ్లాసులు దగ్గరికి జరుపుకున్నాడు.

"మీరేం చెప్పొద్దు హజ్రత్. బండి సంగతి అమ్మీతో నేనే మాట్లాడతా."

గ్లాసులు కడిగి సంచిలో సర్దాడు. సీసా అడుగున ఇంకొక్క గ్లాసుకు సరిపడా పాకం మిగిలింది. అది అమ్మీకి కలిపిద్దామనుకున్నాడు. ఆమెకు పులుపు ఇష్టమో తీపి ఇష్టమో ఇంతవరకూ అడగనే లేదని అప్పుడు తట్టింది.

సీసాకు మూత బిగించి ఇంటిదారి పట్టాడు.