ఉత్తరపు చుక్క గురించి నక్క చెప్పిన నిజాలు

గొర్రెబండ కొండ కింద ఒక పెద్ద చెరువు ఉంది. చలి మొదలైందంటే చాలు, మంచు కొండల అవతలి నుంచి వలస బాతులు వచ్చి ఆ చెరువులో దిగేవి. ఎండలు ముదరక ముందే మళ్ళీ లేచి ఉత్తరానికి వెళ్ళిపోయేవి. వాటికి పెద్ద ఉత్తరయ్య. ముసలివాడు, మాట కరుకు. సందె వాలాక ధ్రువ నక్షత్రాన్ని పోయేటప్పుడు ముక్కుకు ఎదురుగా, వచ్చేటప్పుడు తోక వెనకగా పెట్టుకుని ఎగరడం తప్ప ఇంకో విద్య తెలియదు. ఆ ఒక్క విద్యతోనే ఏళ్ళ తరబడి మందను తీసుకుపోయి తీసుకొస్తున్నాడు.

కొండ నెత్తిన ఒక తెల్లటి గుమ్మటం. అందులో టెలిస్కోపు పెట్టుకుని చుక్కల్ని చూసే పెద్దాయన, సాయంత్రాలు ఊళ్ళ నుంచి జనం వస్తే అరుగు మీద కూర్చోబెట్టి ఆకాశం సంగతులు చెప్పేవాడు. ఆ గుమ్మటం వెనక బండ సందులో జంబయ్య అనే నక్క కాపురం. జనం వదిలేసిన పులిహోర పొట్లాలు నాకుతూనే, చెవులు అరుగు వైపు పెట్టేవాడు. చుక్కల సంగతి అతనికెందుకు అంటే, పనికిరాని మాటంటూ లోకంలో ఉండదని జంబయ్య నమ్మకం.

మందలో పూసమ్మ అనే బాతు ఉండేది. మగడు దూదయ్య. ఆ ఏడు కార్తీకంలో మంచు కొండలు దాటి వస్తుంటే గాలివాన పట్టుకుంది. పూసమ్మ పిల్లలిద్దరూ అప్పుడే రెక్కలొచ్చినవాళ్ళు. ఒక తెల్లటి మబ్బులోకి పోయారు, మళ్ళీ బయటికి రాలేదు. ఆగుదామని పూసమ్మ ఎంత అరిచినా ఉత్తరయ్య ఆగలేదు. ఆగితే మంద అంతా పోయేది. అది పూసమ్మకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపులో మంట ఆరదు కదా. చలికాలమంతా మందకు ఎడంగా, తూము దగ్గర ఒక్కతే మేసేది.

జంబయ్య అది కనిపెట్టాడు. ఒక సాయంత్రం ఒడ్డుకు వచ్చి, దూరంగానే ముందుకాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"అక్కడే ఆగు," అంది పూసమ్మ.

"ఆగే ఉన్నాను తల్లీ. కడుపు నిండే వచ్చాను. నిన్ను చూస్తే ఒక మాట గుర్తొచ్చింది. నీ ఒంట్లో రక్తం ఉందా, నా ఒంట్లో రక్తం ఉందా? అందులో ఇనుము ఉంటుందట. ఆ ఇనుము ఈ భూమ్మీద పుట్టింది కాదు. ఎప్పుడో కాలి పేలిపోయిన చుక్కల కడుపులో ఉడికిందట. గుమ్మటం అయ్య చెప్పాడు."

"అయితే?"

"అయితే ఏముంది. ఒక పొయ్యి బూడిదే నువ్వూ నేనూ. వరసకు అన్నాచెల్లెళ్ళం."

పూసమ్మ నవ్వలేదు గానీ, వెళ్ళిపోనూ లేదు. పిల్లలు పోయాక తనతో నెమ్మదిగా కూర్చుని మాట్లాడినవాళ్ళు లేరు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు. "ఆకాశంలో నల్లటి గుంటలుంటాయట చెల్లెమ్మా. కృష్ణబిలాలంటారు. పెద్ద చుక్క ఏదైనా చచ్చి తనలోకి తనే కూలిపోతే అలాంటి గుంట మిగులుతుందట. అందులోకి పోయిందేదీ తిరిగి రాదు. వెలుగంత వేగంగా పోయేది ఏదీ లేదంటారే, ఆ వెలుగు కూడా బయటికి రాదట. అది విన్నప్పుడు నాకు మీ మంచు కొండలే తోచాయి."

పూసమ్మ నీళ్ళలోకి చూసింది. "నా పిల్లలు కేక కూడా వేయలేదన్నా," అంది.

అదే మొదటిసారి అన్నా అనడం. జంబయ్య తల ఊపి, ఆ పూటకు అక్కడితో చాలించి వెళ్ళిపోయాడు.

మాఘం వెళ్ళింది. ఉత్తరయ్య ప్రయాణం మాట ఎత్తాడు. ఆ సాయంత్రమే జంబయ్య అసలు సంగతి తీశాడు.

"మీరు ధ్రువ నక్షత్రాన్ని చూసుకుని ఎగురుతారు కదా. దాని వెలుగు మన దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలుసా? నాలుగు వందల ఏళ్ళ పైమాటే. ఇవాళ నువ్వు చూసేది ఎప్పుడో బయలుదేరిన వెలుగు. చుక్క ఇప్పుడక్కడ ఉందో, చచ్చిందో, చూసి చెప్పగలవాడు లేడు."

పూసమ్మ తల ఎత్తి ఉత్తరం వైపు చూసింది. చుక్క ఎప్పటిలాగే సన్నగా, కదలకుండా ఉంది.

"అబద్ధం చెప్తున్నావేమో."

"నా మాట నమ్మకు. కొండెక్కి, అరుగు వెనక రాయి మీద కూర్చుని నువ్వే విను."

పూసమ్మ వెళ్ళి విన్నది. గుమ్మటం పెద్దాయన ఆ మాటే అన్నాడు, వచ్చిన పిల్లలతో, నవ్వుతూ. ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. పూసమ్మకు అక్కడిదాకా చాలు. అప్పుడే తిరిగి వచ్చేసింది.

ఉత్తరయ్య మందను పోగుచేసినప్పుడు పూసమ్మ అందరి ముందూ అడిగింది. "మామా, ఆ చుక్క బతికే ఉందని నీకెలా తెలుసు?"

"ఏం మాటది?"

"ఎప్పుడో చచ్చిన చుక్కను నమ్ముకుని పిల్లల్ని మంచులో పారేసుకున్నామేమో అంటున్నాను."

మంద గుసగుసలాడింది. ఉత్తరయ్యకు వాదన తెలియదు. "చుక్క సంగతి నాకెందుకు. వెలుగు కనిపిస్తోంది. అటు పోతే నీళ్ళున్నాయి, గడ్డి ఉంది. మా అమ్మ అటే వెళ్ళింది, నేనూ అటే వెళ్ళాను. ప్రతిసారీ ఉన్నాయి," అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "పిల్లల్ని పోగొట్టుకున్నదానికి మతి పోయింది. దాని మాటలు పట్టించుకోకండి," అని కూడా అన్నాడు.

ఆ ఒక్క మాటతో పూసమ్మ ఇక తాను రానంది, కొందరు ఆమె పక్కకు జరిగారు. మందలో నెమ్మదస్తురాలని పేరున్న గరికమ్మ కూతురు తెల్లి అందులో ఒకతె. "అమ్మా, నువ్వు వెళ్ళు. నేను పూసమ్మత్తతో ఉంటాను. ఇక్కడ నీళ్ళున్నాయి కదా," అంది. గరికమ్మ బతిమాలింది, అలిగింది, చివరికి మంద లేస్తుంటే వెనక్కి చూసుకుంటూ లేచింది.

దూదయ్యా ఉండిపోయాడు. ఆ జాతి బాతులది జన్మకొక జోడీ. పూసమ్మ ఎక్కడుంటే తానూ అక్కడే.

చైత్రం దాకా బాగానే గడిచింది. తర్వాత చెరువు ఒడ్డు వదిలి లోపలికి పోవడం మొదలుపెట్టింది. పొద్దున నీళ్ళున్న చోట సాయంత్రానికి పగుళ్ళు కనిపించేవి. గడ్డి మాడింది.

"ఇప్పుడైనా పోదాం పూసా. మంద దారి నాకు గుర్తుంది," అన్నాడు దూదయ్య.

"పోయి వాళ్ళ ముందు తలొంచుకుని నిలబడాలా?"

ఒడ్డున జంబయ్య అందుకున్నాడు. "తొందరెందుకు బావా. తూము దగ్గర మడుగు ఏ ఎండకూ ఎండదు. ఈ చెరువును నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను."

మడుగు ఎండదన్న మాటా నిజమే. అందరికీ సరిపోదన్న మాట అతను చెప్పలేదు.

ఏటా ఒకసారి ఆ బాతులకు రెక్కల ఈకలన్నీ ఒక్కసారే రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేవు. మంచు కొండల అవతలైతే చుట్టూ మైళ్ళ కొద్దీ నీళ్ళు, నక్క కాలు పెట్టలేనన్ని నీళ్ళు, అందుకని అక్కడ ఎప్పుడూ భయం తెలియలేదు. ఇక్కడ జ్యేష్ఠంలో ఈకలు రాలడం మొదలైనప్పుడు, చుట్టూ ఉన్నది ఎండిన రేగడి. పూసమ్మ ఒకనాడు రెక్క విదిలిస్తే పొడుగాటి ఈకలు ఊడి నీళ్ళలో పడ్డాయి. దాన్ని చూసి తెల్లి కూడా రెక్క విదిలించింది. రెండు బాతులూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. 

మర్నాడు జంబయ్య ఒంటరిగా రాలేదు. పెళ్ళాన్నీ, ఎదిగిన పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు.

మేత కోసం మడుగు దాటి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే పోయారు. వెళ్ళకపోతే ఆకలి. తెల్లి ఒక తెల్లవారుజామున గడ్డిపరక కోసం పది అడుగులు వేసింది, అంతే. చివరికి మడుగు నడుమ బురదలో పూసమ్మా దూదయ్యా మిగిలారు. పూసమ్మకు నిలబడే ఓపిక లేదు. "నీకోసం తుంగ దుంప తెస్తాను," అన్నాడు దూదయ్య.

"వద్దు. ఇక్కడే ఉండు."

"దగ్గరే కదా," అని వెళ్ళాడు. ఆ వెళ్ళడం వెళ్ళడమే.

పొద్దెక్కాక జంబయ్య మూతి తుడుచుకుంటూ ఒడ్డున కూర్చున్నాడు. బురద లోతు. అందులో దిగితే కడుపు దాకా కూరుకుపోతాడు. ఎండే పని పూర్తి చేస్తుందని తెలుసు కనుక తొందరపడలేదు.

"అన్నీ అబద్ధాలే చెప్పావు," అంది పూసమ్మ.

"ఒక్కటంటే ఒక్కటీ లేదు. అబద్ధమైతే నువ్వు కొండెక్కి విన్న రోజునే దొరికిపోయేవాణ్ణి. సగంలో ఆపాను, అంతే. ఆ నల్లగుంట గురించి అయ్య ఇంకో మాట చెప్పాడు. దూరంగా తన దారిన తిరిగేవాటిని అది లాక్కోదట. మీద పడబోతేనే మింగుతుందట."

"చుక్కో?"

"చుక్క ఇవాళే చచ్చిందనుకో. దాని వెలుగు ఇంకో నాలుగు వందల ఏళ్ళు వస్తూనే ఉంటుంది. నువ్వూ, నీ మనవలూ, వాళ్ళ మనవలూ హాయిగా దారి చూసుకోవచ్చు. నువ్వు ఆ రోజు ఇంకొంచెం సేపు కూర్చుని ఉంటే ఆయన నోటే వినేదానివి."

పూసమ్మ ముక్కు రెక్కలో దూర్చుకుని, దూదయ్య వెళ్ళిన వైపు కాకుండా రెండో వైపు తిరిగి కూర్చుంది.

బురద అంచుల నుంచి గట్టిపడుతూ వచ్చింది. జంబయ్య రోజూ కాలు వేసి చూసేవాడు. రోజూ ఇంకొంచెం లోపలికి వచ్చేవాడు. కాలు దిగబడకుండా నిలిచిన నాటి మధ్యాహ్నమే కొండ మీద మబ్బు పట్టి వాన కురిసింది. ఎవరి పుణ్యమూ కాదు, ఆరుద్ర కార్తె వచ్చింది. వాగు పొంగి చెరువులో పడింది. జంబయ్య వెనక్కి తిరిగి కొండెక్కాడు. నీళ్ళు పూసమ్మను ఎత్తుకున్నాయి. బతికి బయటపడ్డానన్న సంతోషం వస్తుందేమోనని చూసింది. రాలేదు. అంత పెద్ద నీళ్ళలో ఎటు చూసినా తన అలే తప్ప ఇంకొకరి అల లేదు.

కొత్త ఈకలు వచ్చాయి. కార్తీకంలో మంద తిరిగి వచ్చింది. ఉత్తరయ్య ముందు దిగాడు. చెరువంతా ఒకసారి కలయజూసి, పూసమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆ ముసలివాడికి తిట్టడం వచ్చు. ఆ పూట తిట్టలేకపోయాడు.

వెనకే గరికమ్మ దిగింది. "తెల్లి ఏది పూసా? మేతకు పోయిందా?"

పూసమ్మ ముందు నడిచింది. ఒడ్డున తుమ్మ పొద మొదట్లో, గాలికి కొట్టుకొచ్చిన ఈకలు వానకు తడిసి, ఎండకు ఎండి, ఒక దానికొకటి అతుక్కుని ఉన్నాయి. గరికమ్మ వాటి ముందు కూర్చుంది. ముక్కుతో ఒక్కొక్కటీ విడదీసి, తిప్పి చూసి, పక్కన పెట్టింది. తన కూతురివి ఏవో తెలుసుకుందామని చాలాసేపు చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి.

నీతి: విన్నది నిజమేనా అని చూసుకుంటే చాలదు, ఆ నిజంతో ఎవరి కడుపు నిండుతుందో కూడా చూసుకోవాలి.