సాగిన గొలుసు

కాస్త ముందుకు జరగండి తల్లీ, వెనకవాళ్ళకీ చోటివ్వండి. ఒకానొక రాజ్యంలో, రాములవారి దయ తప్ప వేరే దిక్కులేని ఒక చిన్న రాజ్యంలో, గండభూపతి అనే రాజు ఉండేవాడు. స్వామికి ఊయల సేవ జరుగుతుంటే పక్కన తానూ ఎక్కి కూర్చునే రకం.

ఆ ఏడు రాజు ఎక్కగానే ఊయల ఇనుప గొలుసు సాగింది. జానెడు కిందికి దిగింది. పూజారులు చూసి ముందు స్వామిని, తర్వాత రాజును భద్రంగా దించారు.

మర్నాడు గొలుసు చేసిన కమ్మరి సింగాచారిని సభకు పిలిపించారు. ఆ సభలో కూచన అని ఒక చమత్కారి ఉన్నాడు. రాజును మెప్పిద్దామని, "ఇది గొలుసా ఆచారీ, బెల్లం పాకమా?" అన్నాడు. సభంతా విరగబడి నవ్వింది.

ఆ నవ్వుల్లోనే రాజు అన్నాడు: "ఇతని కొలిమి ఆర్పించండి. వంగని, సాగని కంచు గొలుసు పోత పోయించండి. వచ్చే సేవకు స్వామితో పాటు దానిమీదే కూర్చుంటాను."

సింగాచారి తలెత్తకుండా వెళ్ళిపోయాడు. ఆ పూట నుంచి కూచనకు అన్నం సయించలేదు. మూడోనాడు కమ్మరింటికి వెళ్ళాడు. చల్లారిన కొలిమి ముందు ఆచారి చేతులు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"తప్పయిపోయింది ఆచారిగారూ."

"నా సంగతి పోనివ్వండి బాబూ. కంచు గంటకు మంచిదే, బరువుకు పనికిరాదు. మంచి ఇనుము మొయ్యలేనప్పుడు సాగుతుంది, మనిషికి దిగే వ్యవధి ఇస్తుంది. కంచు తెగేదాకా ఏమీ చెప్పదు. దానిమీద స్వామిని కూర్చోబెడతారట."

మర్నాడు కూచన సభలో దూలానికి రెండు గొలుసులు కట్టించాడు. ఒకటి ఇనుముది, ఒకటి కంచుది, రెండూ ఒకే లావు. ఒక్కోదాని చివర ఒక్కో బుట్ట.

"ప్రభూ, రెండింట్లోనూ సమంగా గుండ్లు వేయిస్తాను. తమ సింహాసనం దేనికింద పెట్టించమంటారు?"

"అడగాలా? కంచు కిందే."

"చిత్తం. తమరు మాత్రం ఇటు నా పక్కన నిలబడండి."

గుండ్లు పడేకొద్దీ ఇనుప గొలుసు సాగింది. రాజు మీసం దువ్వాడు. అది మూరెడు దిగింది గానీ బుట్టను వదల్లేదు. కంచు వెంట్రుకవాసి కదల్లేదు. ఇంకో గుండు వేశారు. కంచు ఫెళ్ళున తెగింది. సింహాసనం రెండు ముక్కలయింది.

ఎవరూ నవ్వలేదు.

"ఇనుము తన కష్టం ముందే చెప్పుకుంది ప్రభూ," అన్నాడు కూచన మెల్లగా. "చెప్పిన పాపానికి శిక్షించాం. కంచు చివరిదాకా చిత్తం చిత్తం అంటూ నిలబడింది, ఈ సభలో నాలాగే."

రాజు ముఖం కందిపోయింది. మెడలో హారం తీసి ఇవ్వబోయాడు. కూచన చెయ్యి చాపలేదు. "ఆ రోజు నవ్వించింది నేనే. ఏ ముఖంతో తీసుకోను? ఇవ్వదలిస్తే కొలిమి దాకా నాతో నడవండి."

నడిచాడండీ. హారం ఆచారి చేతిలో పెట్టి, ఆర్పించింది తానే కనుక వెలిగించేదీ తానేనని కొలిమితిత్తి ముందు కూర్చున్నాడు. బలమంతా పెట్టి ఊదేసరికి బూడిద లేచి, మీసాలు నెరిసిపోయాయి.

కూచన పెదవి దాకా ఏదో చమత్కారం వచ్చింది. ఆచారి వైపు చూసి, తల దించుకున్నాడు.

"నవ్వండి బాబూ," అన్నాడు ఆచారి. "ఈసారి నవ్వొచ్చు."

అందరికంటే ముందు రాజే నవ్వాడు.