రేష్మా వాటా

ఇద్రీస్‌కు తన కుడిచేతి మీద గురి కుదిరింది.

కొండమీది సూఫీల మఠంలో ఆ ఏడు చలి పొడిగా కొరుకుతోంది. పొద్దున్నే అతను గొర్రెబొచ్చు కంబళి మీద కూర్చుని, మఠం పిల్లి రేష్మాను ఒళ్లో పెట్టుకుని నిమురుతూ జపం చేసుకునేవాడు. ఆ తర్వాత ఎవరిని తాకినా చిటుక్కుమనేది. తగిలినవాళ్లు "అబ్బా!" అని ఉలిక్కిపడి, మరుక్షణం దణ్ణం పెట్టేవాళ్లు. కొన్నాళ్లకే అతని ముందు జనం బారులు తీరారు.

ఆ రోజు సాయమ్మ జ్వరంతో మూలుగుతున్న కూతుర్ని భుజానేసుకుని వచ్చింది.

"డాక్టరు దగ్గరికే బయల్దేరినాను సామీ. నీ చెయ్యి తగిల్తే చాలన్నారు. ఇటు తిరిగినాను."

కంబళి మీద ఒళ్లో పిల్లితో కూర్చున్న ఇద్రీస్ చెయ్యి ఎత్తాడు.

"ఆగు బేటా," అంటూ గురువు జలాల్ షా లోపల్నుంచి వచ్చారు. ఆయన చేతిలో గాజు సీసా ఉంది. బిరడాలోంచి రాగితీగ లోపలికి దిగి ఉంది. దాని కొసన, మిఠాయిల మీద అద్దే వెండి రేకు ముక్కలు రెండు ఆనుకుని వేలాడుతున్నాయి.

"నీ శక్తి ఎంతో కొలుద్దాం. తీగ ముట్టుకో."

ముట్టుకున్నాడు. రేకులు రెండూ చప్పున విచ్చుకున్నాయి. జనం చేతులు జోడించారు.

రేకులు ఎంతవరకు విచ్చుకున్నాయో అక్కడ గురువు సీసా మీద సున్నంతో గీత పెట్టారు. తర్వాత తన వేలితో తీగను తాకారు. రేకులు మళ్లీ ఒక్కటయ్యాయి.

"ఇప్పుడు రేష్మా వంతు."

ఒళ్లోంచి దిగి కంబళి మీద కూర్చున్న పిల్లి ముందు సీసా పెట్టారు. అది ముక్కు చాచి తీగను వాసన చూసింది. చిటుక్కుమంది. రేకులు సరిగ్గా గీత దాకా విచ్చుకున్నాయి. పిల్లి ఒక తుమ్ము తుమ్మి, అందరినీ కోపంగా చూసి, కాలు నాక్కోవడం మొదలెట్టింది.

సాయమ్మ ఫక్కున నవ్వింది. జ్వరంలోనే పాప కూడా నవ్వింది.

"హజ్రత్... అయితే నాకు వచ్చింది..." అన్నాడు ఇద్రీస్ గురువుతో.

"బొచ్చు రాపిడికి వచ్చింది. దానికీ అంతే వచ్చింది బేటా. అది మాత్రం ఎవరి చేతా దణ్ణం పెట్టించుకోలేదు."

ఇద్రీస్ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి అతనికీ నవ్వొచ్చింది. లేచి నిలబడ్డాడు.

"పాపను ఇటివ్వక్కా, నేను మోస్తాను. గబగబా దిగితే డాక్టరు దొరుకుతాడు."

సాయమ్మ బిడ్డను అందించబోయింది.

"ఒక్క నిమిషం," అన్నాడు ఇద్రీస్. పాపకు చిటుక్కుమనకుండా, వంగి, నీళ్లకుండ పక్కనున్న తడినేలకు అరచేతిని ఆనించాడు. ఆ తర్వాతే పాపను ఎత్తుకున్నాడు.