టీవీలో నీలం గొడుగు

అనకాపల్లికి అవతల ఒక చిన్న ఊళ్లో గవరయ్య అనే రిటైరైన బస్సు కండక్టరు ఉండేవాడు; టీవీలో వచ్చిన ఏ కబురైనా వీధిలో అందరికంటే ముందు తానే చెప్పాలనే ఆత్రం అతనికి మహా ఎక్కువ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరైనా మాసిన నోటిస్తే వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూస్తే గానీ సంచిలో వేసుకునేవాడు కాదు. అలాంటి మనిషి టీవీ చెప్పిందల్లా నమ్మేవాడు. వెనకటి రోజుల్లో రేడియో ఉండేది. అందులో బొమ్మ లేదు కనుక, వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆపించి, చివరి మాట దాకా చెవి రిక్కించి వినేవారు. టీవీ వచ్చాక, కళ్లు చూస్తున్నాయి కదా అని చెవులు సెలవు పెట్టేశాయి. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు, కథలోకి వద్దాం.

ఆ ఊరికి సొంతంగా ఒక కేబుల్ చానెల్ ఉండేది. పొద్దున్నే వార్తల వేళకు గవరయ్య కాఫీ గ్లాసుతో టీవీ ముందు కూర్చునేవాడు. పెద్ద అక్షరాలు మెరవగానే గ్లాసు కింద పెట్టి చెప్పులు వెతుక్కునేవాడు.

"పూర్తిగా విని వెళ్లరాదూ?" అనేది భార్య వరహాలమ్మ.

"పూర్తయ్యేసరికి టీ కొట్టు సూరిబాబు చెప్పేస్తాడే!" అనేవాడు.

ఒక ఆదివారం తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. "కుళ్లిన చేపలు! తిన్నారో, ఇక అంతే!" వెనక డప్పుల మోత. బొమ్మలో ఒక నీలం గొడుగు, దాని కింద సత్తు తట్ట, తట్ట వెనక కూర్చుని సందు చివర చేపలమ్మే పోలమ్మ!

గవరయ్య ఉలిక్కిపడి లేచాడు. పొయ్యి మీద ఉడుకుతున్నది పోలమ్మ దగ్గర కొన్న వంజరం చేపే. ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్లి, పులుసు గిన్నె ఎత్తుకొచ్చి కాలవలో కుమ్మరించాడు. వరహాలమ్మ గరిటె పట్టుకుని వెనకే పరిగెత్తుకొచ్చింది. మర్నాటికి ఊరితే ఆ పులుసు ఎంత రుచిగా ఉండేదో చేపలు తినేవాళ్లకు వేరే చెప్పాలా? కానీ గవరయ్య అప్పటికే చెప్పుల్లో కాళ్లు దూర్చి వీధిలో పడ్డాడు.

మధ్యాహ్నానికల్లా పోలమ్మ పేరు ఊరంతా పాకింది. మర్నాడు ఆమె నేరుగా గవరయ్య గుమ్మంలోకి వచ్చింది.

"కండక్టరు బావూ, నా చేపలు కుళ్లిపోనాయని సెప్పినారంట?"

"నేను చెప్పడమేమిటి పోలమ్మా? టీవీలో చూపించారు."

"టీవీలో కంపు కూడా కొట్టిందేటి?"

గవరయ్య మొహం తిప్పుకున్నాడు. "ఊరికే చూపిస్తారా?" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తరవాత పోలమ్మ తట్ట ఎలా వచ్చిందో అలాగే నిండుగా తిరిగి వెళ్లేది. చివరికి ఆమె గొడుగు ముడిచేసి, రొయ్యల షెడ్డులో తలలు తీసే కూలి పనికి చేరింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అదే చానెల్లో అదే డప్పుల మోత. "బస్టాండులో గొలుసు దొంగలు! ముసలమ్మలే గురి!" బొమ్మలో ఒక ముసలామె మోచెయ్యి పట్టుకుని నిలబడ్డ మనిషి. అతని తల చుట్టూ గిరగిరా తిరుగుతున్న ఎర్రటి సున్నా. గవరయ్య కళ్లు నులుముకుని చూశాడు. ఆ మనిషి తనే! ఆ ముసలామె అతని సొంత మేనత్త! దసరాకు వచ్చినావిడను అతనే దగ్గరుండి బస్సెక్కించాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా టీ కొట్టుకు వెళ్లాడు. బెంచీ మీదున్నవాళ్లు పక్కకు జరిగారు. సూరిబాబు మెల్లగా గల్లాపెట్టె మూత వేశాడు.

"సూరిబాబూ, నువ్వు కూడానా? ఆవిడ మా అత్తయ్యరా!"

"ఏమో గవరయ్యా. టీవీలో చూపించారు కదా, ఊరికే చూపిస్తారా?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది.

గవరయ్య సైకిల్ షాపు మేడ మీదున్న చానెల్ ఆఫీసుకు పరిగెత్తాడు. కంప్యూటర్ ముందున్న అమ్మాయి నవ్వుతూ చెప్పింది. "అది మీ గురించి కాదు తాతగారూ. బస్టాండు వార్తకు బస్టాండు బొమ్మ కావాలిగా? పండగ రద్దీలో తీసింది ఉంటే వేశాం."

"మరి నా తల చుట్టూ ఆ సున్నా ఏమిటమ్మా?"

"అది అన్నిటికీ వేస్తాం. లేకపోతే జనం చూడరు."

కూరలో ఉప్పు సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. గవరయ్య బల్ల దగ్గరికి జరిగాడు. "మరి... పోలమ్మ చేపలు?"

"అదీ అంతే. చేపల వార్తకు చేపల బొమ్మ. కుళ్లినవి దొరికింది మన ఊళ్లో కాదు. ఆ ముక్క చెప్పాం కూడా, మీరు వినలేదా?"

ఆమె ఆనాటి వార్త మళ్లీ పెట్టింది. అక్షరాలయ్యాక, డప్పులయ్యాక, వార్తలు చదివే గొంతు స్పష్టంగా చెప్పింది: పొరుగు జిల్లాలో ఒక గోదాములో పట్టుబడ్డ చేపలని. సరిగ్గా ఆ మాట వచ్చే వేళకు గవరయ్య కాలవ దగ్గర పులుసు పారబోస్తున్నాడు.

"ఇలా ఎవరి బొమ్మ పడితే వాళ్ల బొమ్మ వేయడం తప్పు కాదా అమ్మా?"

ఆ అమ్మాయి నవ్వు ఆగింది. "ఇంతవరకూ ఎవరూ వచ్చి అడగలేదు తాతగారూ."

అతను పట్టుబట్టగా మర్నాడు చానెల్ వాళ్లు తప్పు సవరించారు. చీరల కొట్టు ప్రకటన కింద సన్నటి అక్షరాలు పరుగెత్తి పోయాయి. ఎవరూ చూడలేదు.

గవరయ్య రొయ్యల షెడ్డుకు వెళ్లి చేతులు జోడించాడు. పోలమ్మ మంచు నీళ్లకు పాలిపోయిన వేళ్లు కొంగుకు తుడుచుకుంది.

"నాకు సెప్పి ఏటి నాభం బావూ? నా చేపలు మంచియ్యని నాకు తెలీదా? మీరు ఎవరెవరికి సెప్పినారో ఆళ్లకి సెప్పండి."

అతను గడప గడపకూ తిరిగాడు. అబద్ధాన్ని ఎగబడి విన్నవాళ్లే నిజం చెప్పబోతే "అలాగా" అని వేరే మాటలోకి దిగారు. అయినా మానలేదు. పోలమ్మను బతిమాలి గొడుగు మళ్లీ తెరిపించాడు. రోజూ పొద్దున్నే అందరూ చూస్తుండగా చేప కొని ఇంటికి పట్టుకెళ్లేవాడు. కొనేవాళ్లు కొందరు తిరిగి వచ్చారు. కొందరు మాత్రం ఇప్పటికీ ఆ గొడుగు చూస్తే ముక్కు మూసుకుని పోతారు.

నీతి: బొమ్మ చూసి, సగం విని వార్తను ఊరికి మోసేవాడు, చెయ్యని తప్పుకు ఇంకొకరికి శిక్ష వేయించిన వాడవుతాడు, కనుక టీవీ ఏది చూపించినా చివరిదాకా విని, నిజం విచారించాకే నోరు విప్పాలి.