గట్టు మీది తాళం

తుమ్మలరేవులో పెంకుల ఫ్యాక్టరీ నడిపే సోమసుందరం అనే పెద్దమనిషి ఉండేవాడు. ఎక్కడికి వెళ్ళామన్నది కాదు, వెంట ఎన్ని బళ్ళు వచ్చాయన్నదే ఆయనకు ముఖ్యం.

ఆ మాటకొస్తే ఊరంతా అంతే. అక్కడ ఒక మనిషి రైలెక్కాలంటే పదిమంది సాగనంపాలి. ఆ పదిమందీ ఎవరి బండిలో వాళ్ళు రావాలి. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే మనిషి కోసం కూడా కనీసం ఇద్దరు కళ్ళు తుడుచుకోవాలి. సోమసుందరం భార్య సుభద్ర ఒకసారి పంటి నొప్పికి రాజమండ్రి వెళ్తే ఏడు కార్లు సాగనంపాయి. పన్ను పీకించుకుని తిరిగొస్తే తొమ్మిది కార్లు ఎదురెళ్ళాయి. ఒక పంటికి అంత మర్యాద ఆ జిల్లాలో అంతకు ముందు జరగలేదు.

ఊరి నుంచి స్టేషనుకు వెళ్ళే రోడ్డు కాలవను రెండుసార్లు దాటుతుంది. స్టేషను కాలవకు ఇవతలే ఉంది, ఊరూ ఇవతలే ఉంది. అయినా రోడ్డు ఒక వంతెన మీదుగా అవతలికి వెళ్ళి, సంతపేట అంతా చుట్టి, ఇంకో వంతెన మీదుగా ఇవతలికి వస్తుంది. పూర్వం రోడ్డు వేసేటప్పుడు ఒక పెద్దమనిషి తోట అడ్డం వచ్చిందట. ఆ పెద్దమనిషి పోయాడు, తోటా పోయింది, రోడ్డుకు వంకర మాత్రం మిగిలింది. ఆ వంతెనల మీద ఒక్క కారు పడుతుంది. రెండోది ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాలి. తుమ్మలరేవులో వెనక్కి వెళ్ళే అలవాటు ఎవరికీ లేదు.

కాలవ గట్టు మాత్రం ఊరి నుంచి స్టేషను దాకా గీత గీసినట్టు నేరుగా ఉండేది. దాని మీద మొదట కన్నుపడింది బీబీజాన్‌కు. ఆమె పక్క ఊళ్ళో ఒక బట్టల దుకాణంలో కుట్టుపని చేసేది. రోజూ సైకిలు తొక్కుకుంటూ స్టేషనుకు వెళ్ళి, పొద్దుటి బండి ఎక్కి, సాయంత్రం వచ్చేది. ఆమె మూడు వందల మంది చేత సంతకాలు పెట్టించి పురపాలక సంఘానికి ఒక అర్జీ పట్టుకెళ్ళింది. ఆ సంఘానికి ఉపాధ్యక్షుడు సోమసుందరమే.

"గట్టు చదును చేయిస్తే చాలండి," అంది బీబీజాన్. "నడిచేవాళ్ళు నడుస్తారు, తొక్కేవాళ్ళు తొక్కుతారు. స్టేషను దగ్గర సైకిళ్ళు పెట్టుకోను ఒక పాక వేయించండి. కాళ్ళలో ఓపిక లేనివాళ్ళకు రైలు వేళకు రెండు బ్యాటరీ ఆటోలు తిరిగితే ఇంకేం కావాలి?"

"గట్టు మీద నడిచి రైలెక్కడానికి మనమేమన్నా బాతులమా?" అన్నాడు సోమసుందరం.

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మంది ఆ సమావేశానికి సైకిలు మీదే వచ్చారు. ఆ సంగతి వాళ్ళకు ఇంటికి వెళ్ళేటప్పుడు గుర్తొచ్చింది.

"బాతులే నయమండి," అంది బీబీజాన్ కాగితాలు సర్దుకుంటూ. "వంతెన మీద ఇరుక్కోవు."

ఈ మాట సోమసుందరానికి గుచ్చుకుంది. గట్టు ఒకచోట ఆయన ఫ్యాక్టరీ వెనక నుంచి పోతుంది. వారం తిరక్కుండా అక్కడ అడ్డంగా ఇనపగేటు పెట్టించాడు. అటు కాలవలోకి, ఇటు ఫ్యాక్టరీ గోడ దాకా ముళ్ళకంచె లాగించాడు. పెంకులు దొంగలు ఎత్తుకుపోతున్నారని చెప్పాడు. అక్కడ ఉన్నవన్నీ పగిలిన పెంకులే. గేటుకు అరచేయంత తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇంట్లో నగల బీరువా తాళంచెవి మాత్రం ఎప్పుడూ పోపులపెట్టె పక్కనే ఉండేది.

రెండు వానాకాలాలు గడిచాయి.

సోమసుందరం కూతురు హైమావతి మూడేళ్ళు కష్టపడి చదివి ఉద్యోగం తెచ్చుకుంది. బుధవారం మధ్యాహ్నం రెండు గంటల్లోపు విశాఖపట్నంలో ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టాలి. గడువు దాటితే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. హైమావతి ఒకరోజు ముందే వెళ్తానంది.

"మంగళవారం ఆడపిల్లను గడప దాటిస్తామా?" అన్నాడు సోమసుందరం. "బుధవారం పొద్దున ఏడూ ఇరవై బండి ఉందిగా."

"అది తప్పితే ఇంకేదీ సమయానికి చేర్చదు నాన్నగారూ. ఇక్కడ ఆగేది రెండే నిమిషాలు."

"పదకొండు కార్లు పెడుతున్నానమ్మా. ఎలా తప్పుతుంది?"

బుధవారం పొద్దున అయిదు కార్లు సోమసుందరం ఇంటి ముందు నిలబడ్డాయి. మిగతా ఆరూ సుభద్ర అన్నగారు పట్టాభివి. అమ్మాయి దిగేసరికి దండలతో సిద్ధంగా ఉండాలని పట్టాభి తన ఆరు కార్లతో ముందే స్టేషనుకు వెళ్ళాడు. అక్కడ కాసేపు నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. రాకపోవడానికి కారణం ఇక్కడ సుభద్ర హారతిపళ్ళెం వెతుకుతూ ఉండటం. పట్టాభి ఊరుకునే మనిషి కాదు. మేనకోడలికి ఎదురెళ్ళి మర్యాదగా తీసుకొద్దామని ఆరు కార్లనూ వెనక్కి తిప్పాడు.

ఊరి వైపు వంతెన మీద, సరిగ్గా నడిమధ్యన, రెండు మర్యాదలూ ఎదురుపడ్డాయి.

"వెనక్కి తీయించండి బావగారూ!" అని అరిచాడు సోమసుందరం.

"నేనా? ఆడపిల్ల మేనమామను. నేనెలా వెనక్కి వెళ్తాను? అపశకునం!"

"ప్రయాణమయ్యే బండి వెనక్కి వెళ్తే శకునమా?"

ఇద్దరిదీ న్యాయమైన మాటే. ఈ లోపల పట్టాభి వెనక సంత నుంచి వచ్చే లారీలు, సోమసుందరం వెనక కూరగాయల ఆటోలు చేరాయి. ఇప్పుడు ఇద్దరూ వెనక్కి వెళ్దామనుకున్నా కుదరదు. వంతెన మీద అవతలికి మనిషి దూరే సందు కూడా లేకుండా పోయింది. వేళ ఏడు దాటి అయిదు నిమిషాలయింది.

హైమావతి కారు దిగింది. ఏడవలేదు. గడియారం వైపు ఒకసారి, తండ్రి వైపు ఒకసారి చూసింది. ఆ రెండో చూపుకు సోమసుందరం బావగారి మీద అరవడం ఆపేశాడు.

వాళ్ళ వెనకే బీబీజాన్ సైకిలు దిగి నిలబడి ఉంది. ఆమెకూ అదే బండి కావాలి.

"గట్టు మీదైతే ఎనిమిది నిమిషాలండి," అంది ఆమె, ఎవరితోనూ కానట్టు.

సోమసుందరం చెయ్యి మొలతాడు మీదికి పోయింది. తాళంచెవి ఉంది. రెండేళ్ళలో మొదటిసారి దాన్ని చూసి ఆయనకు సంతోషం వేసింది.

ఆయన పెట్టె నెత్తికెత్తుకున్నాడు. ముగ్గురూ గబగబా గట్టెక్కి గేటు దగ్గరకు చేరారు. తాళంచెవి దూరింది. తిరగలేదు. రెండు చేతులతో తిప్పాడు. తిరగలేదు. రెండు వానాకాలాల తుప్పు లోపల పట్టేసింది. గేటును తన్నాడు. చెప్పు ఊడింది కానీ గేటు కదల్లేదు. ఏనుగు గుద్దినా చెక్కుచెదరకూడదని కమ్మరికి చెప్పి మరీ చేయించిన గేటు అది. కమ్మరి మాట నిలబెట్టుకున్నాడు.

బీబీజాన్ సంచిలో చెయ్యి పెట్టి కుట్టుమిషను నూనెడబ్బా తీసింది. దాని సన్నటి ముక్కు తాళం బెజ్జంలో పెట్టి నాలుగుసార్లు నొక్కింది.

"రెండు నిమిషాలు ఆగాలండి. నూనె లోపలికి దిగాలి."

ఆ లోపల హైమావతి అడిగింది. "నాన్నగారూ, ఈ గేటు ఎందుకు పెట్టించారు?"

దొంగలని చెప్పబోయాడు. పగిలిన పెంకులు ఎదురుగా కనపడుతున్నాయి.

"ఎవరూ వెళ్ళకూడదనమ్మా," అన్నాడు.

"ఎవరూ అంటే?"

సోమసుందరం బీబీజాన్ సైకిలు వైపు చూశాడు. అప్పుడు తాళంచెవి తిప్పాడు. లోపల ఏదో మూలిగింది. తాళం ఊడి చేతిలో పడింది.

"అమ్మాయ్, వెనక కూర్చో," అంది బీబీజాన్.

సైకిలు ముందు, సోమసుందరం వెనక. నెత్తిన పెట్టె, ఒక కాలికి చెప్పు, మోకాళ్ళ పైకి ఎగగట్టిన పట్టుపంచె. ఆయన పరుగెత్తగా చూసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. ఆ రోజు కూడా మనుషులెవరూ చూడలేదు. గట్టు మీద ఒక బాతుల గుంపు మాత్రం ఉంది. సైకిలు గంట వినగానే బాతులు పక్కకు జరిగి దారిచ్చాయి. వంతెన మీద పట్టాభి ఇవ్వలేదు.

బండి అప్పటికే వచ్చి నిలబడి ఉంది. గార్డు పచ్చజెండా విప్పుతున్నాడు. హైమావతి దూకి ఎక్కింది. సోమసుందరం పెట్టె లోపలికి తోశాడు. బీబీజాన్ సైకిలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదెక్కడ పెట్టను?" అన్నాడాయన రొప్పుతూ.

"పాక వేయించారేమిటి, అక్కడ పెట్టడానికి?" అంది బీబీజాన్ బండి ఎక్కుతూ. "సాయంత్రం దాకా పట్టుకోండి."

బండి కదిలింది. హైమావతి కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఇప్పుడు ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా. ఆఖరి పెట్టె మలుపు తిరిగేదాకా సోమసుందరం చూశాడు. గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. అక్కడే చప్టా మీద కూలబడ్డాడు. సైకిలు మాత్రం వదల్లేదు.

ముప్పావుగంట తర్వాత పదకొండు కార్లూ దండలతో సహా వచ్చాయి. రైలు లేదు, అమ్మాయి లేదు. సోమసుందరం ఒక్కడే ఆడవాళ్ళ సైకిలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. తెచ్చిన దండలు వెనక్కి తీసుకెళ్ళడం అపశకునమని పట్టాభికి తోచింది. అన్నీ తీసుకెళ్ళి స్టేషను మాస్టరు మెడలో వేశాడు. ఆయన తనకు బదిలీ అయిందేమోనని భయపడి సాయంత్రం దాకా అన్నం తినలేదు.

"కారెక్కండి బావగారూ, ఇంటికి వెళ్దాం," అన్నాడు పట్టాభి.

"మీరు వెళ్ళండి. నేను గట్టు మీద వస్తాను," అన్నాడు సోమసుందరం.

సైకిలు నడిపించుకుంటూ, వదిలేసిన చెప్పు ఏరుకుంటూ ఆయన ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని, చల్ల తాగి కూర్చున్న చాలాసేపటికి పట్టాభి కార్లు వచ్చాయి. ఒంటిగంటన్నరకు హైమావతి ఫోను చేసింది. "సంతకం పెట్టాను నాన్నగారూ." ఆ మాట విన్నాకే సోమసుందరానికి ఆకలి వేసింది.

సాయంత్రం బండి వేళకు ఆయన సైకిలు తీసుకుని మళ్ళీ స్టేషనుకు వెళ్ళాడు, ఒక్కడే, నడిచి. బీబీజాన్ దిగగానే సైకిలు అప్పగించి, "ఆ అర్జీ ఇంకోసారి పట్టుకురామ్మా," అన్నాడు.

"నిజంగానాండీ? మనమేమన్నా బాతులమా?" అంది ఆమె.

"బాతులకున్న బుద్ధి నాకు లేకపోయింది," అన్నాడు సోమసుందరం.

నెల తిరిగేసరికి గేటు ఊడింది. దాని ఊచలే సైకిళ్ళ పాకకు నిలువులయ్యాయి. పైకప్పుకు పెంకులు ఆయనవే. పగిలిన పెంకులు దంచి గట్టు మీద పరిచారు. వానలోనూ కాలు జారని దారి అయింది. రైలు వేళకు రెండు బ్యాటరీ ఆటోలు ముసలివాళ్ళతో, మూటలతో తిరగసాగాయి. సాగనంపడం మాత్రం ఊరు మానలేదు. పదిమందీ ఇప్పుడు కబుర్లు చెప్పుకుంటూ గట్టు మీద నడిచి వస్తున్నారు. ఏడవదలుచుకున్నవాళ్ళకు కార్లో కంటే ఇక్కడే తీరిక ఎక్కువ. పట్టాభి ఒక్కడు ఇంకా కారులోనే వస్తాడు. రైలు వెళ్ళాక వస్తాడు.

పిల్లలూ, నలుగురు నడిచే దారికి మనం వేసిన తాళం ఏదో ఒకనాడు మన కాళ్ళకే అడ్డం పడుతుంది. గొప్పకు తీసిన పది బళ్ళ కన్నా, అందరికీ తెరిచిన ఒక్క దారి మేలు.